అడవి పెద్దబాతును గుర్తుపట్టడం – 4వ పాఠం: ముక్కు మొదట్లో తెలుపు

పోయిన పాఠం తర్వాత వచ్చిన నోట్సులు దాదాపు అన్నీ ఒకే మాట మీద నిలిచాయి: "ముక్కు మొదట్లో తెల్లగా ఉంది, కాళ్లు నారింజ రంగు, కాబట్టి తెల్లనుదురు పెద్దబాతే." అందుకే రెక్కల పాఠం వాయిదా వేసి, ముందు ఈ తెలుపు సంగతి తేలుద్దాం.

తల వెనక రెండు నల్ల పట్టెలుండే బార్ హెడెడ్ గూస్ మీకు తెలిసిందే, దాన్ని వదిలేస్తున్నాను.

గ్రేలాగ్ అనే బూడిద రంగు అడవి పెద్దబాతుల్లో కొన్నిటికి ముక్కు చుట్టూ సన్నని తెల్ల అంచు ఉంటుంది. పొట్ట మీద నల్లమచ్చలూ ఉంటాయి. మన తోటల్లో, చేపల చెరువుల గట్ల మీద పెంచే పెద్దబాతుల్లో దాని సంతతివీ ఉంటాయి. వాటికి ఆ తెలుపు ఇంకా వెడల్పుగా ఉండొచ్చు, కాళ్లూ నారింజ రంగులో ఉండొచ్చు. ఇటు అసలు తెల్లనుదురు బాతుకేమో ఆ ఏడు పుట్టిన పిల్లలో నుదుటి తెలుపూ ఉండదు, పొట్ట మీది అడ్డ పట్టీలూ ఉండవు. అంటే తెలుపు ఉందని ఖాయం చేయలేం, లేదని కొట్టేయలేం.

నేను మొదట చూసేది వెనక భాగం. పెంపుడుదానికి అక్కడ బరువంతా దిగి, పొట్ట నేలకు వేలాడుతుంది. అడవిది సన్నగా, ఒళ్లు నేలకు సమంగా పెట్టి నడుస్తుంది. తర్వాతే ముక్కు, కాళ్లు.

కాళ్ల రంగు దగ్గర ఒక్కమాట. దాళ్వా మడిలో నిలబడ్డ పక్షి కాళ్లు బురదే. పొద్దున్నే లేత ఎండలో గ్రేలాగ్ గులాబీ కాలు కూడా నారింజలా కనిపిస్తుంది. ఎండ ఎక్కేదాకా ఆగండి. అప్పటికీ కనబడకపోతే "బురద, రంగు తెలియలేదు" అని రాయండి. ఊహించి మాత్రం రాయొద్దు. రెక్కల కోసం పక్షిని లేపడం, నాట్లు వేసిన మడిలో దిగడం నాకు అస్సలు నచ్చవు. గట్టు మీదే ఉండండి.

నోటు ఇలా ఉండాలి: "ఉదయం 8:40, కొల్లేరు అంచు, ఒక్కటే. ముక్కు గులాబీ, చుట్టూ తెలుపు నుదుటి దాకా. పొట్ట మీద నల్ల పట్టీలు మూడు, తెగిపోతూ. కళ్ల చుట్టూ పసుపు వలయం లేదు." ఆ చివరి వాక్యం విలువైనది, ఆ వలయం ఉండే చిన్న తెల్లనుదురు బాతు అనే ఇంకో జాతిని పక్కన పెట్టేది అదే. పేరు తేలకపోతే ఈబర్డ్‌లో (చూసిన పక్షులను నమోదు చేసే వెబ్‌సైట్) "గూస్ జాతి" (ఏదో ఒక పెద్దబాతు) దగ్గరే ఆగండి, ఫోటోలు జత చేయండి.

అభ్యాసం: ఊళ్లో ఏదైనా పెంపుడు పెద్దబాతు ముందు గంట కూర్చుని, పేరు రాయకుండా పన్నెండు వాక్యాల్లో వర్ణించండి. మధ్యాహ్నం అదే పక్షిని, ఉదయం కాగితం చూడకుండా, మళ్లీ వర్ణించండి. రెండూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ తేడా వచ్చిందో గుర్తు పెట్టి పంపండి.