కల్పనస్వరాలు: ముగింపు రాసుకున్నాను, మిగతాది వదిలేశాను

కల్పనస్వరం అంటే కర్ణాటక సంగీతంలో పాట మధ్య సరిగమలతో అల్లేది, అప్పటికప్పుడు పుట్టాల్సింది. నేనేమో నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు రాసుకుని బట్టీ పట్టేదాన్ని. నవరాత్రుల్లో మా వీధి గుడిలో పాడుతుంటే రెండో పేజీ మధ్యలో మర్చిపోయాను. నోరు ఎండిపోయింది. మరోసారి రోషం కొద్దీ ఏమీ అనుకోకుండా కూర్చున్నాను. మోహన రాగం బాగానే సాగింది కానీ ఎక్కడ ఆపాలో తెలియలేదు, పల్లవి అందుకోవాల్సిన చోటు దాటిపోయింది.

మృదంగం వాయించే పెద్దాయన తర్వాత అన్నారు: “దిగే మెట్టు చూసుకుని ఎక్కాలమ్మా.”

అప్పట్నుంచి ముక్తాయింపు, అంటే చివర్లో పాడే ముగింపు స్వరాలు, ఒక్కటే లెక్క కట్టుకుంటున్నాను. ఆదితాళానికి ఎనిమిది దెబ్బలు; చతురశ్ర నడకలో దెబ్బకు నాలుగు మాత్రలు, కాబట్టి ఒక ఆవర్తనానికి (తాళం ఒక చుట్టుకు) 32 మాత్రలు. ‘గపగరిసరి’ 6 మాత్రలు, మూడుసార్లు పాడితే 18. మధ్యలో మూడేసి మాత్రల విరామాలు రెండు, అవి 6. మొత్తం 24. కాబట్టి సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) నుంచి 8 మాత్రలు, అంటే రెండు దెబ్బలు వదిలి మూడో దెబ్బకు ఎత్తుకుంటే సరిగ్గా తర్వాతి సమానికి గాంధారం (గ) మీద వాలతాను. పాట సమంలోనే మొదలయ్యేదైతేనే ఈ లెక్క. అర దెబ్బ తర్వాత ఎత్తుగడ ఉంటే ఆ రెండు మాత్రలూ కలుపుకోవాలి.

ముందు భాగానికి ఒక్కటే షరతు: మొదటి కొన్ని ఆవర్తనాలు గాంధారం దగ్గర ఆగాలి, తర్వాతవి పంచమం (ప) దగ్గర. మధ్యలో ఏం వస్తే అది. చెయ్యి తాళం వేస్తూనే ఉండాలి, అది మాత్రం తప్పదు.

మొన్న ఒక చోట ధైవతం (ధ) మీద అనుకోకుండా ఆగిపోయాను. పెద్దాయన నవ్వి అక్కడో చిన్న తీర్మానం (మృదంగం మీద ముగింపు) వేశారు. నోట్‌బుక్‌లో అది లేదు.