పేగు అతుకు లోపలా, బయటా? ఆపరేషన్‌కు ముందు ఇలా అడగండి

హనుమకొండలో 18 ఏళ్లుగా ఆపరేషన్ థియేటర్ నర్సుగా పనిచేస్తున్నాను. పెద్దపేగు క్యాన్సర్‌కు లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) అనగానే ఇంటివాళ్లు "ఎన్ని రంధ్రాలు పెడతారు సిస్టర్?" అంటారు. పరకాల నుంచి వచ్చిన ఒకాయన మాత్రం "మా బాపు పేగు కోసినంక మళ్ల ఎట్ల అతుకుతరు?" అన్నాడు. మీరూ ముందు అదే అడగండి.

ఆయనకు పాత సైకిల్ ట్యూబుతో చూపించాను. రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి, ఒక్కోదానికి చిన్న గాటు పెట్టండి. పేగును పిన్నులతో అతికే స్టాప్లర్‌కు పొడవాటి దవడలు రెండుంటాయి. ఒక్కో గాటులో ఒక్కో దవడ దూర్చి నొక్కితే, ఆనుకున్న గోడలు పిన్నుల వరసలతో అతుక్కుంటాయి, మధ్యలో కత్తి దారి తెరుస్తుంది. రెండు గొట్టాలూ ఒకటవుతాయి. దవడలు దూరిన గాటు మిగులుతుంది, దాన్ని మూసేయాలి.

గడ్డ కుడివైపు ఉంటే చిన్నపేగు చివరను, అడ్డంగా ఉండే పెద్దపేగుకు ఇలాగే కలుపుతారు. కడుపు లోపలా, బయటా, ఎక్కడ కలుపుతారన్నదే తేడా. బయట అతికే పద్ధతిలో ఎక్కువగా బొడ్డు దగ్గర కోసి, పేగును పైకి లాగి కలుపుతారు. సర్జన్ చేత్తో పట్టుకుని చూసుకోగలడు, టైమూ తక్కువ పడుతుంది. కానీ పొట్ట లావుగా ఉన్నవాళ్లలో పేగు అంత తేలిగ్గా పైకి రాదు. లాగితే దాన్ని పట్టి ఉంచే పొర, అందులోని రక్తనాళాలు చిరగొచ్చు. ఆ ఘడియలో థియేటర్‌లో అందరికీ టెన్షనే.

లోపల అతికితే ఆ లాగుడు ఉండదు. కోసిన భాగాన్ని సంచిలో వేసి, పొత్తికడుపు కింద అడ్డంగా పెట్టిన కోతలోంచి తీయొచ్చు. అక్కడ తర్వాత హెర్నియా వచ్చే అవకాశం తక్కువ. గ్యాస్ పోవడం, విరేచనం కావడం కాస్త ముందే మొదలవుతాయి. అయితే కెమెరా చూస్తూ సన్నని పనిముట్లతో కుట్టడానికి చేయి బాగా తిరిగి ఉండాలి. పేగు తెరిచేది కడుపులోనే కాబట్టి మలం చిందకుండా పీల్చేసే సక్షన్ గొట్టం, తుడిచే గాజ్ గుడ్డ దగ్గర పెట్టుకుంటాం. అతుకు లీకయ్యే ముప్పులో మాత్రం రెండింటికీ పెద్ద తేడా లేదు.

నన్నడిగితే, చేయి తిరిగిన సర్జన్ ఉంటే లోపలి అతుకే మేలు. అందుకే "ఏది మంచిది?" అని ఆగిపోకండి. "మీరు తరచూ చేసేది ఏది సార్? పెద్ద కోత ఎక్కడ వస్తుంది? లోపల కుదరకపోతే ఏం చేస్తారు?" అని అడగండి. బయట చేయడమే అలవాటైన సర్జన్‌ను లోపలే చేయమని పట్టుబట్టకండి.

ఎడమవైపు గడ్డ, మలాశయం గడ్డ అయితే లెక్క వేరు. మలద్వారం నుంచి గుండ్రటి స్టాప్లర్ పంపి అతుకుతారు. తర్వాత అతుకు మునిగేలా సెలైన్ పోసి, కింద నుంచి గాలి పంపి బుడగలు వస్తున్నాయేమో చూస్తాం, అచ్చం పంక్చర్ షాపులో తొట్టిలో ట్యూబు ముంచినట్టే. అతుకు బాగా కిందికి ఉంటే కొన్నాళ్లు మలం పోయేందుకు పొట్టపై సంచి పెట్టొచ్చు. ఆ మాట ముందే అడిగి తెలుసుకోండి, లేచి చూసుకున్నాక పెద్దవాళ్లు తట్టుకోలేరు.

ఇంటికి పంపాక జ్వరం, పెరిగే కడుపునొప్పి, పొట్ట ఉబ్బడం, గుండె దడ ఉంటే అతుకు లీకై ఉండొచ్చు. ఊళ్లో ఆర్ఎంపీతో సూది వేయించుకుని తెల్లారేదాకా ఆగొద్దు. భూపాలపల్లిలో ఉన్నా సరే, ఆ రాత్రే బండి కట్టించుకుని ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి రండి.