పాత కంప్యూటర్‌కి ర్యామ్ కొనడం: 3వ పాఠం – స్టిక్కర్ చదవడం

పోయిన పాఠంలో చెప్పిన పని చేసి ఉంటే మీ జేబులో ఒక చీటీ ఉండాలి: మదర్‌బోర్డు మోడల్, ర్యామ్ గుచ్చే స్లాట్లు ఎన్ని, ఇప్పుడున్న ర్యామ్ డీడీఆర్ ఎంత (అంటే ఏ తరానిది). ఆ చీటీ లేకుండా విజయవాడలో గవర్నర్‌పేటకైనా, గుంటూరులో అరండల్‌పేటకైనా బయల్దేరకండి. "ఏ సిస్టమ్ అండీ?" అని షాపులో అడిగితే "నల్లదండీ, పదేళ్ల కిందటిది" అన్నారనుకోండి, కౌంటర్‌లో ఏది మిగిలిపోయి ఉంటే అదే మీ చేతికొస్తుంది.

ఈ పాఠమంతా ర్యామ్ మీద అంటించిన చిన్న స్టిక్కర్ గురించే. సెకండ్ హ్యాండ్ స్టిక్ (ర్యామ్ పలకని షాపుల్లో ఇలాగే అంటారు) ఒకటి చేతిలోకి తీసుకుంటే దాని మీద ఇలా ఉంటుంది:

4జీబీ 2ఆర్ఎక్స్8 పీసీ3-12800యూ

'4జీబీ' తెలిసిందే. 'పీసీ3' అంటే డీడీఆర్3. పీసీ2 అయితే డీడీఆర్2, పీసీ4 అయితే డీడీఆర్4. ఒకదాని చోట ఇంకొకటి ఎక్కదు. డెస్క్‌టాప్ డీడీఆర్2కీ, డీడీఆర్3కీ పిన్నులు 240 చొప్పునే ఉంటాయి కాబట్టి చూడ్డానికి ఒకేలా కనిపిస్తాయి. కానీ మధ్యలో గాడి ఉండే చోటు వేరు. గాడి కుదరకపోతే బలంగా నొక్కకండి, స్లాట్ విరుగుతుంది.

12800ని 8తో భాగించండి, 1600 వస్తుంది. అదే స్పీడు. మిగతా అంకెలు గుండ్రం చేసి రాస్తారు కాబట్టి భాగహారం సరిగ్గా రాదు: 10600 అని ఉంటే అది 1333, 8500 అని ఉంటే 1066. వేర్వేరు స్పీడు స్టిక్‌లు కలిపి పెడితే రెండూ తక్కువ స్పీడులోనే నడుస్తాయి. మీ పాత స్టిక్ 1333 అయితే, దాని పక్కన పెట్టడానికి 1600కి ఎక్కువ డబ్బులు పోయడం దండగ. పైగా ఇంటెల్ రెండో తరం ఐ3, ఐ5ల అధికారిక పరిమితి 1333 దగ్గరే ఆగుతుంది.

చివరి అక్షరం చిన్నదే అయినా డబ్బులు పోయేది చాలాసార్లు దాని దగ్గరే. 'యూ' అంటే మామూలు డెస్క్‌టాప్‌ది, 'ఎస్' అంటే ల్యాప్‌టాప్‌ది, 'ఆర్' అంటే సర్వర్‌ది. పాత సర్వర్లు విప్పినప్పుడు 'ఆర్' స్టిక్‌లు కుప్పలుగా బయటికొస్తాయి, అందుకే చవక. 8జీబీ ఇంత తక్కువకా అని ఆశపడి తెచ్చుకుంటే గాడి కుదురుతుంది, స్టిక్ స్లాట్‌లో కూర్చుంటుంది, ఇంట్లో ఉండే డెస్క్‌టాప్ మాత్రం ఆన్ కాదు.

ఇక '2ఆర్ఎక్స్8'. దీన్ని చాలామంది చూడనే చూడరు. జీ41 చిప్‌సెట్ (ప్రాసెసర్‌ని మెమరీతో కలిపే మదర్‌బోర్డు చిప్) బోర్డు ఉన్నవాళ్లు మాత్రం తప్పకుండా చూడాలి. ఇంటెల్ కోర్ 2 డ్యూయో, డ్యూయల్ కోర్ కాలపు అసెంబుల్డ్ సిస్టమ్‌లలో ఈ బోర్డు చాలా వాటిలో కనిపిస్తుంది.

స్టిక్‌ని రెండు వైపులా తిప్పి నల్ల చిప్‌లు లెక్కపెట్టండి. 4జీబీ స్టిక్ మీద 2ఆర్ఎక్స్8 అని ఉంటే మొత్తం 16 చిప్‌లుంటాయి, ఒక్కోటి 256 ఎంబీ. 1ఆర్ఎక్స్8 అని ఉంటే చిప్‌లు 8 మాత్రమే, ఒక్కోటి 512 ఎంబీ. జీ41కి ఆ పెద్ద చిప్‌లు అర్థం కావు. కొన్ని బోర్డులు బీప్ కొట్టి ఆగిపోతాయి, కొన్ని సగం మెమరీనే చూపిస్తాయి. స్టిక్ చెడిపోయిందని మీరు, బోర్డు పోయిందని షాపతను వాదించుకుంటారు. నిజానికి రెండూ బాగానే ఉంటాయి. కాబట్టి జీ41 డీడీఆర్3 బోర్డుకి 16 చిప్‌ల స్టిక్కే అడగండి. హెచ్61 చిప్‌సెట్, ఆ తర్వాతి బోర్డులకి ఈ బెడద లేదు.

ఆన్‌లైన్‌లో 'ఏఎండీ ఓన్లీ' అని రాసి చవగ్గా అమ్మే స్టిక్‌లు ఇంటెల్ బోర్డులో పనిచేయవు. డీడీఆర్2లో 4జీబీ స్టిక్ చవగ్గా కనిపిస్తే చాలావరకు ఈ రకమే. డీడీఆర్2 సిస్టమ్‌కి నా సలహా ఒక్కటే: రెండు 2జీబీలు వేసి అక్కడితో ఆపేయండి. అంతకు మించి దాని మీద రూపాయి పెట్టొద్దు.

ల్యాప్‌టాప్ వాళ్లు 'పీసీ3ఎల్' అని 'ఎల్' ఉందో లేదో చూసుకోవాలి. 'ఎల్' ఉన్నది 1.35 వోల్టులది, లేనిది 1.5 వోల్టులది. ఇంటెల్ నాలుగో తరం ల్యాప్‌టాప్‌లకి 'ఎల్' తప్పనిసరి. పాత వాటిలో కూడా 'ఎల్' స్టిక్ మామూలుగా నడిచిపోతుంది కాబట్టి అనుమానముంటే అదే తీసుకోండి.

ధరలు ఇక్కడ రాయడం లేదు. 2025 రెండో సగంలో డీడీఆర్4, డీడీఆర్5 రేట్లు ఎలా ఎగబాకాయో చూశాక ఏ అంకె రాసినా చదివేనాటికి పాతదైపోతుంది. రెండు మూడు షాపుల్లో అడగండి. "పాతది ఎక్స్చేంజ్‌లో తీసుకుంటారా అండీ?" అని కూడా అడగండి, ఎంతో కొంత తగ్గుతుంది. సెకండ్ హ్యాండ్‌కి చాలా షాపుల్లో ఇచ్చేది టెస్టింగ్ వారంటీయే. అది ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకోండి. నోటిమాట మీద వచ్చేస్తే రేపు కౌంటర్‌లో ఇంకొకరుంటారు. వీలైతే సీపీయూ తీసుకెళ్లి అక్కడే పెట్టించుకోండి.

ఒక్క మాట. మీది 32 బిట్ విండోస్ అయితే 8జీబీ వేసినా అందులో వాడకానికి దక్కేది 4జీబీ లోపే. ముందు 64 బిట్‌కి మారండి, ర్యామ్ సంగతి తర్వాత.

ఇంటి పని: కరెంటు తీసేసి, సైడు ప్యానెల్ విప్పి, ఒంటి మీది స్టాటిక్ కరెంటు పోయేలా ఏదైనా ఇనుప వస్తువు ముట్టుకున్నాక మీ పాత స్టిక్ బయటికి తీసి దాని స్టిక్కర్ మొత్తం చీటీ మీద ఎక్కించండి. చిప్‌లు కూడా లెక్కపెట్టండి. స్టిక్కర్ ఊడిపోయి ఉంటే సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఎస్‌పీడీ పేజీ తెరవండి, చాలా వివరాలు అక్కడ దొరుకుతాయి. కొత్తగా తెచ్చిన స్టిక్‌ని వారంటీ రోజుల్లోనే మెమ్‌టెస్ట్‌తో రాత్రంతా ఎలా పరీక్షించాలో 4వ పాఠంలో చూద్దాం. దానికి ఒక ఖాళీ పెన్‌డ్రైవ్ సిద్ధంగా పెట్టుకోండి.