పాత ఓమ్ని వ్యాన్ కొనేముందు జాగ్రత్తలు

మారుతి ఓమ్ని తయారీ 2019లోనే ఆగిపోయింది, ఇప్పుడు దొరికేవన్నీ వాడిన బళ్లే.

పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. మీరు వచ్చేసరికే వేడెక్కించి ఉంచితే ఇంకో రోజు వస్తామని చెప్పండి.

ముందు సీటు ఎత్తితే ఇంజన్. ఆయిల్ మూత తీసి లోపలివైపు చూడండి. మీగడలా తెల్లగా పేరుకుంటే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయేమో మెకానిక్‌కు చూపించాల్సిందే. స్టార్ట్ చేశాక సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది.

ఫ్లోర్ మ్యాట్లు పూర్తిగా తీయించండి, తుప్పు దాక్కునేది అక్కడే. ఇంటిల్లిపాదీ ఎక్కే బండి, మొహమాటపడొద్దు.

పక్క తలుపు చివరిదాకా జరిపి చూడండి.

ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. గ్యాస్ కిట్ ఉంటే అదీ ఆర్‌సీలో ఎక్కాలి. బండికి 15 ఏళ్లు దాటితే ఆర్‌సీ రెన్యువల్ అయిందో లేదో చూడండి. బండి మీద ఫైనాన్స్ ఉంటే, ఆర్‌సీలో అప్పు నమోదు తీసేయించే ఫారం 35, అప్పిచ్చినవాళ్ల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చూడందే అడ్వాన్స్ ఇవ్వకండి.