మొదటి వాక్యంలోనే జవాబు
గ్రూప్-1 మెయిన్స్ కోసం చిక్కడపల్లి గ్రంథాలయంలో పుస్తకాలు తిరగేసేవారు రోజూ ఒక్క జవాబైనా రాసి చూసుకోవడం మంచిది. "1908 మూసీ వరదల అనంతరం హైదరాబాద్‌లో చేపట్టిన చర్యలను వివరించండి" అని అడిగితే, కొందరు కులీ కుతుబ్ షాహీల నుంచి మొదలుపెట్టి అర పేజీ వృథా చేస్తారు. అలా కాకుండా, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు నగరానికి ఎగువన జలాశయాలు నిర్మించడమే ప్రధాన చర్య అని తొలి వాక్యంలోనే చెప్పి, మూసీపై 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్‌ను, దాని ఉపనది ఈసీపై 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్‌ను ఒక పేరాలోనూ, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి పనులను మరొక పేరాలోనూ రాయాలి. అదే "విమర్శనాత్మకంగా పరిశీలించండి" అని ఉంటే మాత్రం లోటుపాట్లకూ ఒక పేరా తప్పదు. దస్తూరీ గురించి బెంగ అనవసరం, చదవగలిగేలా ఉంటే చాలు.