లినోకట్‌లో అంచు పదునుగా రావాలంటే

లినోకట్ అంటే లినోలియం షీటును (లినో) చెక్కి, చెక్కకుండా మిగిలిన భాగానికి ఇంకు పూసి కాగితం మీద ముద్రించడం. ఆ కాగితం మీద ఒక్క నల్ల చతురస్రం, రెండు గీతలు మాత్రమే ఉంటే కన్ను నేరుగా అంచు మీదకే వెళ్తుంది. అలీగఢ్‌లో గణితం చదివి, పారిస్‌లోని అటెలియర్ 17 స్టూడియోలో ప్రింట్‌మేకింగ్ నేర్చుకున్న జరీనా హష్మి వుడ్‌కట్లు (ఇలాగే చెక్కను చెక్కి వేసిన ముద్రలు) చూడండి, ఎంత కొద్ది గీతలో! (మన చిత్తూరు జిల్లా ప్రింట్‌మేకర్ కృష్ణారెడ్డి గారు పనిచేసిందీ ఆ స్టూడియోలోనే.)

లినో గట్టిగా ఉంటే కాసేపు ఎండలో పెట్టండి, మెత్తబడుతుంది. స్టీల్ స్కేలును చతురస్రం మీద, అంచు గీతకు ఆనించి పెట్టండి. కత్తిని నిటారుగా పట్టుకోకుండా పిడిని చతురస్రం వైపు కొంచెం వాల్చి కొయ్యండి. అప్పుడు అంచు కింద గోడ వెడల్పుగా మిగిలి, ప్రెస్ ఒత్తిడికి విరగదు. మూలల దగ్గర కోత గీత దాటి చతురస్రం లోపలికి వెళ్తే ప్రింట్‌లో సన్నని తెల్ల గాటు పడుతుంది, కాబట్టి రెండు వైపుల నుంచీ మూలకు వచ్చి ఆగండి.

రోలర్ చతురస్రం కంటే వెడల్పుగా ఉండాలి, లేదంటే నలుపులో చారలు కనిపిస్తాయి. ఇంకు ఒకేసారి దట్టంగా వద్దు. పల్చగా, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, అలా పొరలుగా వేయండి. రోలర్ నుంచి సన్నగా చిటపట శబ్దం వస్తే ఇంకు సరిపోయినట్టే. జిగటగా పిచపిచమంటే ఎక్కువైంది, ఇంకు పరిచిన పలక మీది నుంచి కొంత తీసేయండి.