పాత బండి పెట్రోల్ కాక్ లీకు: నా అనుభవం

పొద్దున బండి దగ్గరికి వెళ్తే పెట్రోల్ వాసన, కాక్ (ట్యాంకు కింద పెట్రోల్‌ని వదిలి, ఆపే కుళాయి) లివర్ కింద ఒక చుక్క వేలాడుతోంది. అది తుడిచేస్తే సరిపోదు, లోపల కూడా కారుతుందేమో చూడాలి. కాక్ ఆఫ్‌లో పెట్టి, కార్బొరేటర్ వైపు పైపు పీకి ఎండు సీసాలో పెట్టాను. అరగంటకి అడుగున వేలెడు పెట్రోల్! ఇలా రాత్రంతా కారితే, కార్బొరేటర్‌లో ఫ్లోట్ వాల్వ్ (పెట్రోల్ నిండగానే దారి మూసేది) కూడా అరిగిపోయి ఉంటే, పెట్రోల్ సిలిండర్ గుండా ఇంజన్ ఆయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) వాసన చూశాను, పెట్రోల్ వాసన లేదు, బతికిపోయాను.

ట్యాంకు ఖాళీ చేసి కాక్ విప్పాను (దగ్గర్లో మంట, సిగరెట్ ఏదీ ఉండకూడదు, చెప్పక్కర్లేదు కానీ చెప్తున్నా). లివర్ ప్లేటు రెండు స్క్రూలు తీస్తే నాలుగు చిల్లుల రబ్బరు వాషర్ బయటపడింది, గోరుతో నొక్కితే చెక్కలా ఉంది, మీద లివర్ తిరిగిన గాడి. దాన్ని తిరగేసి వేసినా నాలుగు రోజులే, కొత్తదే వేశాను. వాషర్‌కి ఆనే లివర్ ముఖం మీద గీతలుంటే కొత్త వాషర్ వేసినా లీకు ఆగదు, అందుకే అద్దం మీద 1000 నంబర్ తడి ఎమెరీ పేపర్ పరిచి, మెల్లగా గుండ్రంగా రుద్దాను. ఓ-రింగు (లీకు ఆపే గుండ్రటి రబ్బరు రింగు) మాత్రం పెట్రోల్‌కి తట్టుకునే నైట్రైల్ రబ్బరుదో విటాన్ రబ్బరుదో కావాలి, నీళ్ల కుళాయిది పెడితే ఉబ్బిపోతుంది. సిలికాన్ పేస్టు జోలికి పోలేదు, అది ఊడి కార్బొరేటర్‌లో పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రానికి (జెట్‌కి) అడ్డం పడుతుంది.

మళ్లీ సీసా పరీక్ష పెట్టాను. రాత్రంతా ఉంచినా పొడిగానే ఉంది.